ఇంజనుకు మాటు: పగిలిన పోత ఇనుమును బాగుచేసిన చరిత్ర

విరిగిన ఇనుమును కొలిమిలో పెట్టి మరల కలుపవచ్చును గాని, విరిగిన మనస్సును కలుపుట సాధ్యము కాదని వేమన చెప్పిన సంగతి పాఠశాల విద్యార్థులందరికిని తెలిసినదే. వేమన చెప్పిన ఆ ఇనుము పల్లెటూరి కమ్మరి వాడు చేత ఇనుము. నాగలికర్రు విరిగినచో కమ్మరి రెండు ముక్కలను తెల్లగా మెరయునంతవరకు కాచి, ఒకదానిపై నొకటి యుంచి సమ్మెటతో కొట్టును. అవి ఏకమగును. అయితే ఈ మాటకు లొంగని ఇనుము ఒకటి కలదు. దానిని అట్లే కాచి కొట్టినచో అతుకుటకు బదులు ముక్కలై రాలిపోవును. అదియే పోత ఇనుము.

మోటారు ఇంజనులోని బ్లాకు చాలకాలముపాటు ఈ ఇనుముతోనే తయారైనది. పిస్టన్లు ఆడు సిలిండర్లు, వాని చుట్టును నీరు తిరుగు దారులు ఆ ఒక్క దిమ్మలోనే ఇమిడియుండును. అందులో వెండ్రుకవాసి పగులు ఏర్పడినను నీరు బయటికి కారిపోవును, లేదా సిలిండరులో ప్రవేశించును. బండి కదలదు. క్రొత్త బండియైనచో బ్లాకునే మార్చవచ్చును. తొంబది ఏండ్లనాటి బండికి మరియొక బ్లాకును ఎక్కడనుండి తేవలెను? అందుచేత బిందెకు మాటు వేసినట్లు ఇంజనుకును మాటు వేయు విద్య అవసరమైనది. ఆ విద్య ఎట్లు పెరిగినదో చూతము.

పోత ఇనుము స్వభావము

ఇనుము గుణమును నిర్ణయించునది ముఖ్యముగా అందలి కర్బనము. చేత ఇనుములో కర్బనము దాదాపు లేనట్లే. ఉక్కులో సాధారణముగా 2 శాతమునకు మించదు. పోత ఇనుములో 3 శాతము మొదలు 4 శాతము వరకు ఉండును. చూచుటకు ఇది స్వల్ప భేదమే. కాని ఫలితము చాల గొప్పది. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. పోత ఇనుము సుమారు 1150 డిగ్రీలు మొదలు 1200 డిగ్రీల లోపుననే కరగి నీటివలె పారును. కనుకనే దానిని ఇసుక అచ్చులలో పోసి, ఎంత చిక్కు రూపమునైనను తీసికొనవచ్చును.

కర్బనము మహిమ తెలంగాణ కమ్మరులకు క్రొత్తది కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మూసలయందు తయారైన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ పద్ధతిని చూచి వర్ణించెను. కాని ఇనుమును పెద్ద మొత్తమున కరగించి అచ్చులలో పోయు పని మొదట పెంపొందినది చైనాలో. క్రీస్తు పూర్వము 5వ శతాబ్దము నాటికే అక్కడ పోత ఇనుప వస్తువులు ఉండెను. ఐరోపాలో ఇది చాల ఆలస్యముగా వచ్చినది. 1709లో ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్‌లో ఏబ్రహాం డార్బీ కొయ్యబొగ్గుకు బదులు కోకుతో ఇనుపరాయిని కరగించిన తరువాతనే పోత ఇనుము చవకయై యంత్రయుగమునకు ఆధారమైనది.

పోత ఇనుమును విరిచి చూచినచో లోపల బూడిదరంగు కనబడును. మెరుగుపెట్టి సూక్ష్మదర్శినిలో చూచినచో నల్లని రేకులు వంకరగా అడ్డదిడ్డముగా పడియుండును. ఇవి గ్రాఫైటు రేకులు, అనగా పెన్సిలులోని నల్లని పదార్థమే. గ్రాఫైటు మెత్తనిది, బలము లేనిది. కావున ఒక్కొక్క రేకును ఇనుములో ముందుగానే యున్న చిన్న పగులుగా భావింపవచ్చును. అదిమినపుడు ఆ పగుళ్ళు మూసికొనును. లాగినపుడు తెరచుకొనును. అందుచేతనే పోత ఇనుము లాగుడు కంటె మూడు నాలుగు రెట్లు ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకొనగలదు. ఈ రేకుల వలన మేలు కూడ కలదు. అవి అదురును మ్రింగివేయును. పిస్టను రాపిడికి కొంత కందెనవలె పనిచేయును. ఇంజను నిర్మాతలు ఈ ఇనుమును కోరుటకు ఇవి కారణములు.

మరియొక ముఖ్య విషయము. కరగిన పోత ఇనుము మెల్లగా చల్లారినపుడే గ్రాఫైటు రేకులు ఏర్పడును. త్వరగా చల్లారినచో కర్బనము గ్రాఫైటుగా విడిపోవుటకు వ్యవధి చాలక, ఇనుముతో కలసి సిమెంటైటు అను సమ్మేళనముగా మారును. అట్టి ఇనుము విరిచినచోట తెల్లగా ఉండును. ఆకురాయికి లొంగనంత గట్టిది, గాజువలె పెళుసైనది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనినచో తరువాతి కథ అంతయు సులభముగా బోధపడును.

అనంతగిరి ఘాటుపై ఏమి జరుగును?

వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలు కలవు. మూసీనదికి అవియే పుట్టినిల్లు. 1874లో వాడి, సికింద్రాబాదుల నడుమ రైలుమార్గము తాండూరు, వికారాబాదుల మీదుగా వెలసినది. 1932లో నిజాం రైల్వే సంస్థ 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినది. ఈ విధముగా యంత్రములతోపాటు పోత ఇనుము కూడ ఈ పీఠభూమి బాటలకు వచ్చినది.

ఆ కాలపు మోటారు ఒకటి వేసవిలో అనంతగిరి వంటి ఘాటు నెక్కుచున్నదనుకొందము. తక్కువ గేరులో ఇంజను వేగముగా తిరుగుచుండును. బండి మాత్రము మెల్లగా కదలును. ఎదురుగాలి చాలక రేడియేటరులోని నీరు చల్లారదు. నాటి కొన్ని బండ్లలో నీటిని త్రిప్పుటకు పంపు కూడ లేదు. 1908లో వెలువడిన ఫోర్డు టి మోడలు బండ్లలో చాలవానికి వేడినీరు పైకెక్కుట, చన్నీరు దిగుట అను సహజ ప్రవాహమే ఆధారము. నీటి మట్టము పై గొట్టము కంటె దిగువకు పడినచో ఆ ప్రవాహము ఆగిపోవును. నీరు మరగి ఆవిరియగును. బ్లాకు మిక్కిలి వేడెక్కును. అప్పుడు తొందరపడి బావినీరు తెచ్చి పోసినచో ఏమగును?

చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఒక డిగ్రీ వేడిమికి పోత ఇనుము తన పొడవులో సుమారు లక్షవ వంతు పెరుగును. 50 సెంటీమీటర్ల బ్లాకులో 200 డిగ్రీల తేడా వచ్చినచో పొడవులో తేడా 1 మిల్లీమీటరు. చన్నీరు తగిలిన గోడ అంత మేర కుదించుకొనవలెను. వేడిగా నున్న ప్రక్క గోడ దానిని కుదించుకొననీయదు. పూర్తిగా బిగించి పట్టినట్లయినచో ఆ గోడలో చదరపు మిల్లీమీటరునకు సుమారు 20 కిలోగ్రాముల లాగుడు కలుగును. సామాన్యమైన పోత ఇనుము ఓర్చుకొనగల లాగుడు కూడ దాదాపు అంతే. ఇక పగులక ఏమి చేయును?

చలిదేశములలో కారణము వేరు. అక్కడ రాత్రివేళ బ్లాకులోని నీరు గడ్డకట్టును. మంచుగా మారునపుడు నీరు తన ఘనపరిమాణములో సుమారు 9 శాతము పెరుగును. ఆ ఒత్తిడికి నీటి తొడుగు పగులును. అక్కడ చలియు, ఇక్కడ వేడిమియు శత్రువులు. పగులు మాత్రము ఒక్కటే.

తొలి మాట్లు

పోత ఇనుమును మొదట పోసిన చైనావారే దానిని బాగుచేయు ఉపాయమును కూడ కనుగొనిరి. వంట మూకుడు పగిలినచో ఊరూర తిరుగు పనివాడు చిన్న కొలిమిని, తిత్తిని, చిటికెడంత మూసను తెచ్చుకొనును. మూసలో ఇనుప ముక్కలను కరగించి, చుక్క చుక్కగా పగులులో పోసి, రెండు వైపుల నుండి బూడిద పూసిన మెత్తలతో అదిమి పట్టును. రూడాల్ఫ్ హొమ్మెల్ అను పరిశీలకుడు 1937లో ప్రచురించిన గ్రంథములో ఈ పనిని వివరించెను. మూకుడు పలుచనిది గనుక ఈ పద్ధతి సాగినది. దళసరి ఇంజను దిమ్మకు ఇది చాలదు.

ఆవిరియంత్రముల కాలమున ఐరోపావారు మరి రెండు ఉపాయములు పన్నిరి. మొదటిది తుప్పు మాటు. ఇనుపరజనులో నవాసారమును, కొంచెము గంధకమును కలిపి నీటితో తడిపి పగులులో కూరుదురు. ఇనుపరజను తుప్పుపట్టి ఉబ్బి బిగిసికొనును. సామాన్యముగా ఇనుమును తినివేయు తుప్పునే ఇక్కడ పనికి పెట్టుకొనిరి. రెండవది పట్టీ మాటు. పగులుమీద రాగి లేక ఇనుప రేకు పరచి, నడుమ సీసపు తెల్లనిపొడి కలిపిన నూనెముద్ద పెట్టి, చుట్టును మరలు బిగింతురు. ఈ రెండును నీరు కారుటను ఆపును. కాని పగిలిన గోడకు పూర్వపు బలమును ఇయ్యవు.

ఇందుకు ముందు పగులు ఎంతవరకు పాకినదో కనిపెట్టవలెను. నాటి పనివారు కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్ద అద్దెడివారు. పగులులో దాగిన నూనె మెల్లగా పైకి వచ్చి సుద్దపై గీతగా కనబడును. మొదటి ప్రపంచ యుద్ధపు చివరి దినములలో అమెరికాలో విలియం హోక్ అను నతడు అయస్కాంతపు పట్టుపై నున్న ఉక్కు ముక్కల పగుళ్ళ వెంబడి ఇనుపపొడి బారులు తీరుట గమనించెను. నేటి అయస్కాంత పరీక్షకు అదియే మూలము. ఇక అందరికి తెలిసిన పరీక్ష మరియొకటి కలదు. బ్లాకు రంధ్రములన్నియు మూసి, లోపలికి గాలి పంపి, నీటిలో ముంచినచో బుడగలు వచ్చుచోటనే పగులు ఉండును. సైకిలు ట్యూబు పంక్చరును కనిపెట్టుట కూడ ఇట్లే గదా!

జ్వాల వచ్చినది

1895లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లె షాటెలియే ఆక్సిజనును ఎసిటిలీనును కలిపి మండించినచో అతి తీవ్రమైన జ్వాల కలుగునని తెలిపెను. ఆ జ్వాల వేడిమి 3000 డిగ్రీలకు పైబడును. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఫూషే, పికార్ అను ఫ్రెంచివారు దానికి తగిన గొట్టపు పనిముట్టును తయారుచేసిరి. ఇక ఇనుమును కరగించుటకు కొలిమి అక్కరలేదు. జ్వాలను చేతిలో పట్టుకొని ఎక్కడ కావలసిన అక్కడ కరగింపవచ్చును.

కాని పనివారి సంతోషము ఎంతోకాలము నిలువలేదు. పగులును కరగించి పూడ్చిన బ్లాకు చల్లారునపుడు టక్కున శబ్దముచేసి ప్రక్కన మరల పగులుచుండెను. కారణములు రెండు. మొదటిది, కాగిన చోటు చల్లారునపుడు కుదించుకొనును. చుట్టునున్న చల్లని దిమ్మ దానిని పట్టి లాగును. రెండవది, చుట్టునున్న చల్లని ఇనుము వేడిమిని త్వరగా గుంజుకొనుటచే అతుకు అంచున తెల్లని పెళుసు ఇనుము ఏర్పడును. పెళుసైన చోటనే లాగుడు పడినచో పగులక మానదు.

దీనికి విరుగుడు, బ్లాకునంతటిని ఒకే విధముగా కాచుట. ఇటుకలతో తాత్కాలికపు కొలిమి కట్టి, బొగ్గుల మంటలో దిమ్మను మెల్లగా సుమారు 600 డిగ్రీల వరకు కాచి, ఆ వేడిమీదనే పగులును అతికి, పిమ్మట కొలిమిలోనే కప్పిపెట్టి ఒక రాత్రియో ఒక దినమో చల్లారనిత్తురు. పొడి బూడిదలోనో సున్నపు పొడిలోనో పూడ్చుటయు కలదు. అతుకునకు వాడు కడ్డీలో సిలికాను ఎక్కువగా ఉండును. సిలికాను కర్బనమును గ్రాఫైటు రూపమునకు మరల్చును. అంతయు సమముగా పెరిగి సమముగా కుదించుకొనుటచే లాగుడు కలుగదు. మెల్లగా చల్లారుటచే తెల్ల ఇనుము ఏర్పడదు. వెలిగారముతో ఇత్తడి పోసి అతుకుట మరియొక మార్గము. అందులో ఇనుము కరగదు గనుక ప్రమాదము తక్కువ. కాని తుప్పు, నూనె లోపలికి ఇంకిన పాత ఇనుమునకు ఇత్తడి సరిగా అంటుకొనదు.

1917 నాటి గొప్ప పరీక్ష

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధములో ప్రవేశించినది. అప్పటికే అమెరికా రేవులలో చిక్కుకొనియున్న జర్మను నౌకలను ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. కాని జర్మను నావికులు ముందుగానే అనేక నౌకల పోత ఇనుప సిలిండర్లను పగులగొట్టి యుండిరి. మనిషి దూరగలంత పెద్ద సిలిండర్లవి. క్రొత్తవి పోసి అమర్చుటకు సంవత్సరమునకు పైగా పట్టునని అంచనా వేసిరి. అంతకాలము ఆగినచో సైనికులను ఐరోపాకు చేర్చుట ఎట్లు?

పలువురు ఇంజనీర్లు పోత ఇనుమును విద్యుత్తుతో అతుకుట అసాధ్యమనిరి. నౌకాదళ ఇంజనీర్లు మాత్రము సాహసించిరి. విరిగిన అంచులను వాలుగా చెక్కి, అందులో ఉక్కు మరలను వరుసలుగా బిగించి, ఆ మరలను ఆధారముగా చేసికొని ఉక్కుతో నడిమి ఖాళీని నింపిరి. పెళుసైన అంచు విడిపోకుండ మరలు లోతుగా పట్టియుంచెను. కొన్ని నౌకలకు వెల్డింగు లేకుండ పట్టీలు బిగించి పనిగడిపిరి. ఆ సంవత్సరము ముగియకముందే పెక్కు నౌకలు సైనికులతో బయలుదేరినవి. అసాధ్యమనుకొన్న పని సాధ్యమైనది. పోత ఇనుమును పారవేయనక్కరలేదను ధైర్యము నాటినుండి కర్మాగారములలో ప్రబలినది.

కాచకుండ కుట్టుట

కాచుటయే చిక్కులకు మూలమైనచో, అసలు కాచకుండ అతుకరాదా? 1930వ దశకమున అమెరికాలోని టెక్సాసు చమురు క్షేత్రములలో ఈ ప్రశ్నకు సమాధానము దొరికినది. చమురు బావుల దగ్గర నిప్పు రవ్వ పడినను ప్రమాదమే. అందుచేత పగులును బట్ట కుట్టినట్లు లోహముతో కుట్టు విధానమును కల్పించిరి.

మొదట పగులు రెండు కొనల వద్ద గుండ్రని రంధ్రములు వేయుదురు. ఇందులో లోతైన శాస్త్రము కలదు. 1913లో ఇంగ్లిస్ అను ఆంగ్లేయ ఇంజనీరు, పగులు కొన ఎంత వాడిగా ఉండునో అక్కడ ఒత్తిడి అంత హెచ్చునని గణితముతో నిరూపించెను. అతని సూత్రము ప్రకారము 5 సెంటీమీటర్ల పగులు కొన వ్యాసార్ధము మిల్లీమీటరులో నూరవ వంతు ఉన్నచో అక్కడి ఒత్తిడి చుట్టుప్రక్కల కంటె 100 రెట్లు ఉండును. అదే కొనలో 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల రంధ్రము వేసినచో ఒత్తిడి సుమారు 7 రెట్లకు దిగును. ఒక చిన్న రంధ్రము పగులు ప్రాకుటను ఆపుటకు ఇదియే కారణము.

తరువాత పగులునకు అడ్డముగా గాడులు తొలిచి, వానిలో నికెలు కలిసిన మెత్తని లోహపు బిళ్ళలను సుత్తితో దిగగొట్టుదురు. ఇవి కుట్ల వంటివి. పిమ్మట పగులు వెంబడి రంధ్రములు వేసి, మరకట్టు కోసి, మరలు బిగింతురు. ప్రతి మరయు ప్రక్క మరను కొంత కోసికొనుచు దిగవలెను. అప్పుడు నడుమ సందు మిగులదు. చివరకు తలలు కోసి, సుత్తితో సాగగొట్టి, నునుపు చేయుదురు. వేడిమి ఏ మాత్రమును లేదు గనుక బ్లాకు వంగదు, పెళుసెక్కదు. సిలిండరు లోగోడ పగిలినచో బోరును పెద్దదిగా చేసి క్రొత్త లైనరును దిగగొట్టుట కూడ వాడుకలో నున్నది.

వీనికి తోడు నికెలు కడ్డీలతో చేయు విద్యుత్ వెల్డింగు వచ్చినది. నికెలు కర్బనముతో గట్టి సమ్మేళనమును నిలుపుకొనదు. కర్బనము గ్రాఫైటుగానే మిగులును. అందుచేత అతుకు మెత్తగా ఉండి ఆకురాయికి లొంగును. అయినను ఒక్కసారి అంగుళమునకు మించి అతుకరాదు. వెంటనే సుత్తితో మెల్లగా తట్టి, చేయి పెట్టగలిగినంత చల్లారిన తరువాతనే మరియొక అంగుళము అతుకవలెను. తొందర పనికిరాదు.

ఈ పద్ధతులన్నింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక్క సూత్రము తేటపడును. పోత ఇనుమును బాగుచేయువాడు దిమ్మనంతటిని కాచవలెను, లేదా దాదాపు ఏ మాత్రము కాచకూడదు. నడిమి మార్గము చేటు తెచ్చును. బ్లాకును మొదట పగులగొట్టినది కూడ వేడిమి ఎక్కువ తక్కువలే. అనంతగిరి ఘాటుపై బావినీరు చేసిన పనినే, అజాగ్రత్తగా పట్టిన జ్వాల మరియొక విధముగా చేయును.

పాత బండ్లు, నేటి బాధ్యత

ఈ విద్య నేటికిని అవసరమే. 1932 నాటి బస్సులలో ఒక ఆల్బియన్ బస్సు హైదరాబాదులో భద్రముగా నున్నది. స్కాట్లండుకు చెందిన ఆల్బియన్ కంపెనీ 1951లో లేలాండు సంస్థలో కలిసిపోయినది. చౌమహల్లా రాజప్రాసాదములో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోరి తెప్పించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు ప్రదర్శనలో నున్నది. 1911లో ఆయన మరణించుటచే దానిలో ప్రయాణము చేయు భాగ్యము ఆయనకు కలుగలేదు. ఆ తరగతి ఇంజనులో మూడేసి సిలిండర్లు ఒక్కొక్క దిమ్మగా పోయబడినవి. పైకప్పు కూడ దిమ్మతో కలిసియే యుండును. కావున ఒక మూల పగిలినను దిమ్మనంతటిని ఆలోచింపవలసి వచ్చును.

ఇట్టి ఇంజనులు చరిత్రకు సాక్ష్యములు. అచ్చు పోసిన తీరు, గోడల దళసరి, నాటి లోహపు గుణము వానిలోనే కలవు. తప్పు పద్ధతిలో ఒక్కసారి అతికినచో ఆ చుట్టునున్న ఇనుము పెళుసెక్కి, తరువాత వచ్చు నేర్పరికి కూడ పని లేకుండ పోవును. కుట్టిన మాటునైతే అవసరమైనపుడు తొలిచి మరల వేయవచ్చును. కావున పాత ఇంజనును బాగుచేయువారు వేగముకంటె, చవకకంటె, తరువాతివారికి అవకాశము మిగులుచున్నదా అను దానినే ముందుగా చూడవలెను.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలో సులభముగా చూపవచ్చును. విరిగిన పోత ఇనుప ముక్క నొకదానిని తెచ్చి, విరిగిన అంచును భూతద్దముతో చూపినచో బూడిదరంగు గింజలు కనబడును. కిరసనాయిలు, సుద్ద పరీక్షకు కావలసిన సామాగ్రి ఎక్కడనైనను దొరకును. ఇక బండి నడుపువారికి ఒక్క మాట చాలును. ఘాటుపై ఇంజను మరగినచో ఆపి, మూత తీయక, నీడన వేచియుండవలెను. బాగుగా చల్లారిన పిమ్మట నీరు కొంచెము కొంచెముగా పోయవలెను. ఆ అరగంట ఓర్పు, మాటు వేయు దినముల శ్రమను తప్పించును.